కొలతకు తలవంచిన ఉక్కు

విశాఖపట్నం పేరు చెప్పగానే తెలుగువారికి వెంటనే స్ఫురించేవి రెండు: ఓడరేవు, ఉక్కు కర్మాగారం. 1933లో ప్రారంభమైన ఓడరేవు ఈ నగరాన్ని ప్రపంచానికి వాకిలిగా మార్చింది. 1966లో తెలుగువారు ప్రాణాలకు తెగించి సాగించిన ఉద్యమ ఫలంగా రూపుదిద్దుకొన్న ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. అయితే కొలిమి నుండి వెలువడిన ఉక్కు ఆ రూపంలోనే పనికి రాదు. దానిని కోయాలి, నునుపు చేయాలి, తొలచాలి, మరలు తీయాలి. ఇందులో ఎక్కడ వెంట్రుకవాసి తేడా వచ్చినా యంత్రం మొరాయిస్తుంది. ఉక్కుకు బలాన్ని కొలిమి ఇస్తే, విలువను కొలత ఇస్తుంది. ఈ సత్యాన్ని పందొమ్మిదవ శతాబ్దంలో లోకానికి నిరూపించి చూపిన మహానుభావుడు జోసెఫ్ విట్వర్త్. ఆయన జీవితంలోని అతి కఠినమైన పరీక్ష ఒక తుపాకి గొట్టం రూపంలో ఎదురుకావడం విశేషం.

విట్వర్త్ 1803 డిసెంబరు 21న ఇంగ్లండులోని స్టాక్‌పోర్ట్ పట్టణంలో జన్మించాడు. తండ్రి చార్లెస్ బడిపంతులు. తరువాతి కాలంలో మతబోధకుడయ్యాడు. చిన్నతనంలోనే తల్లి మరణించింది. పద్నాలుగవ ఏట విట్వర్త్‌ను పినతండ్రి వరసైన ఒక బంధువు నడుపుతున్న నూలు మిల్లులో పనికి పెట్టారు. వ్యాపారం నేర్చుకొని మిల్లులో భాగస్వామి కావాలన్నది పెద్దల కోరిక. కాని బాలుని మనస్సు లాభనష్టాల లెక్కల మీద నిలువలేదు. మిల్లులో తిరిగే యంత్రాల మీద నిలిచింది. ఆ యంత్రాల పనితనం ఎంత మోటుగా ఉన్నదో అతడు ఆ వయస్సులోనే గమనించాడు. నాలుగేండ్ల తరువాత ఎవరికీ చెప్పకుండా మిల్లు విడిచి, మాంచెస్టరు చేరి, సామాన్య కార్మికుడుగా యంత్రశాలలో కుదిరాడు.

1825లో అతడు లండన్ వెళ్లి, ఆనాటి యంత్రనిర్మాతలలో అగ్రగణ్యుడైన హెన్రీ మాడ్స్‌లే వద్ద పనిలో చేరాడు. అక్కడే అతని దృష్టి ఒక చిన్న ప్రశ్న మీద పడింది. సమతలంగా ఉన్న ఇనుప పలక ఒకటి చేతిలో ఉంటే, దానితో పోల్చి మరొక పలకను సరిచేయవచ్చు. కాని ఆ మొదటి పలక సమతలమని తెలిసేదెట్లా? రెండు పలకలను ఒకదానికొకటి సరిపోయేటట్లు చేసినంత మాత్రాన చాలదు. ఒకటి కొంచెం పొంగి, మరొకటి అంతే గుంటపడినా ఆ రెండూ చక్కగా అతుక్కొంటాయి. మూడు పలకలను తీసుకొని, ఏ రెండింటిని కలిపినా అతికేటట్లు చేస్తే మాత్రం ఆ మూడూ సమతలాలు కాక తప్పదు. ఈ సూత్రాన్ని ఆధారం చేసుకొని, పలకలను సానరాపిడితో కాక ఉలి వంటి పనిముట్టుతో మిట్టలున్నచోటనే గీకి సరిచేసే పద్ధతిని విట్వర్త్ పరిపూర్ణం చేశాడు. 1840లో ఆ పద్ధతిని శాస్త్రజ్ఞుల సభలో వివరించాడు.

1833లో మాంచెస్టరుకు తిరిగివచ్చి విట్వర్త్ సొంత పనిశాల తెరిచాడు. ఆ రోజులలో ఒక్కొక్క పనిశాల తనకు తోచిన తీరున బోల్టులకు, నట్టులకు మరలు తీసేది. ఒకచోట చేసిన బోల్టు మరొకచోట చేసిన నట్టుకు పట్టేది కాదు. యంత్రంలో ఒక మరమేకు పోతే, ఆ యంత్రం చేసిన పనిశాలకే కబురు పంపవలసి వచ్చేది. విట్వర్త్ దేశంలోని అనేక పనిశాలల నుండి బోల్టులను తెప్పించి, కొలిచి, వాటి సగటును ఆధారంగా తీసుకొని, 1841లో ఒకే విధమైన మరను ప్రతిపాదించాడు. దాని పక్కల మధ్య కోణం 55 డిగ్రీలు. ఆ మరను రైలు కంపెనీలు, ఓడల పనిశాలలు క్రమంగా స్వీకరించాయి. బ్రిటిష్ పాలనలో మన దేశానికి దిగుమతి అయిన యంత్రాలలో ఆ మర సర్వసాధారణం. ఈనాటికీ మన ఇండ్లలోని నీటి గొట్టాలకు తీసే మరలో ఆ 55 డిగ్రీల కోణమే ఉన్నది.

కంటికి కనిపించని తేడాను వ్రేలితో తాకి తెలుసుకోవచ్చునన్నది విట్వర్త్ నమ్మిన విషయం. ఆ నమ్మకంతోనే అతడు అంగుళంలో పదిలక్షవ వంతు తేడాను కూడా పసిగట్టగల కొలత యంత్రాన్ని నిర్మించాడు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో అతని యంత్రాలు అందరి మన్ననలు పొందాయి. యాభై ఏండ్లు నిండకముందే పనిముట్ల తయారీలో అతనికి సాటి లేరన్న కీర్తి వచ్చింది. సరిగా ఆ దశలోనే ప్రభుత్వం నుండి పిలుపు వచ్చింది.

1854లో ఇంగ్లండు క్రిమియా యుద్ధంలో ఉన్నది. సైన్యానికి ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు వేలకొద్దీ కావాలి. వాటిని చేతిపనివారి నుండి సేకరించడం ఆలస్యమవుతున్నది. యంత్రాలతో తయారుచేసే ఏర్పాటు చేయగలరా అని ప్రభుత్వం విట్వర్త్‌ను అడిగింది. లాభం తెచ్చే పని అది. మరొకరైతే వెంటనే ఒప్పుకొనేవారు. విట్వర్త్ ఒప్పుకొనలేదు. ఒకే నమూనాలో తయారైన తుపాకులలో ఒకటి సూటిగా, మరొకటి వంకరగా కాల్చడం అందరూ చూస్తున్నదే. గొట్టం చేసిన పనివాని హస్తవాసి అని సరిపెట్టుకోవడమే తప్ప కారణం విచారించినవారు అరుదు. మంచి గొట్టానికి లక్షణమేమిటో తెలియకుండా వేల గొట్టాలను యంత్రాలతో చేయడమంటే, తప్పును వేలసార్లు తిరగవ్రాయడమే అవుతుందని అతడు భావించాడు. ముందు ప్రయోగాలు జరగాలని, ఆ తరువాతనే యంత్రాలని పట్టుబట్టాడు.

ప్రభుత్వ వ్యయంతో మాంచెస్టరులో విట్వర్త్ ఇంటి ఆవరణలో 500 గజాల పొడవైన కప్పుగల శాల వెలసింది. గాలివాన తాకిడికి అది ఒకసారి దెబ్బతిన్నది, మళ్లీ నిర్మించారు. బయటి గాలి ప్రభావం లేకుండా గుండు నడకను పరిశీలించడమే ఆ శాల ప్రయోజనం. గుండు పోయే దారిలో వరుసగా పలుచని కాగితపు తెరలు కట్టి, వాటికి పడిన రంధ్రాలను బట్టి అది ఎక్కడ ఎంత వంగిందో, నిటారుగా పోయిందో తలక్రిందులైందో లెక్కకట్టేవారు.

ఈ ప్రయోగాల ఫలితం అర్థం కావాలంటే బొంగరాన్ని తలచుకొంటే చాలు. తిరుగుతున్నంతసేపు బొంగరం నిలుస్తుంది. వేగం తగ్గగానే తూలుతుంది. తుపాకి గుండు కూడా అంతే. గొట్టం లోపలి మెలి గాడులు గుండును తిప్పుతాయి. సన్నగా, పొడవుగా ఉన్న గుండు గాలిని తేలికగా చీల్చుకొని దూరం పోగలదు. కాని అది తూలకుండా ఉండాలంటే మరింత వేగంగా తిరగాలి. ఎన్‌ఫీల్డ్ గొట్టంలోని గాడి 78 అంగుళాల పొడవుకు ఒక చుట్టు తిరిగేది. విట్వర్త్ 60 అంగుళాలకు ఒక చుట్టు మొదలుకొని ఒక్క అంగుళానికి ఒక చుట్టు వరకు రకరకాల గొట్టాలను పరీక్షించాడు. చివరకు 20 అంగుళాలకు ఒక చుట్టు అనువైనదని తేల్చాడు. గొట్టం లోపలి వ్యాసాన్ని 0.577 అంగుళం నుండి 0.451 అంగుళానికి తగ్గించాడు. గాడులకు బదులు గొట్టం లోపలి భాగాన్నే ఆరు పలకలుగా మలచి, గుండును కూడా అదే ఆకారంలో చేయించాడు. నట్టులో బోల్టు తిరిగినట్లు గొట్టంలో గుండు తిరగాలన్నది అతని ఊహ. మరలకు ప్రమాణం ఏర్పరచిన మనిషికి అది సహజమైన ఊహయే. అన్నింటికంటె ముఖ్యంగా, గొట్టం లోపలి కొలత ఆ చివర నుండి ఈ చివరకు మారకుండా చూశాడు.

1857లో హైత్ సైనిక శిక్షణాలయంలో రెండు రైఫిళ్లకు పోటీ పరీక్ష జరిగింది. 500 గజాల దూరంలో ఎన్‌ఫీల్డ్ గుండ్లు వాటి గుంపు కేంద్రం నుండి సగటున 2.24 అడుగుల ఎడంలో పడ్డాయి. విట్వర్త్ గుండ్లకు ఆ ఎడం 0.37 అడుగు మాత్రమే. 1100 గజాల వద్ద ఎన్‌ఫీల్డ్ ఎడం 8.04 అడుగులు, విట్వర్త్‌ది 2.62 అడుగులు. అంటే 1100 గజాల వద్ద విట్వర్త్ రైఫిల్ గురి, 500 గజాల వద్ద ఎన్‌ఫీల్డ్ గురికి దాదాపు సమంగా ఉన్నది. అంతకంటె స్పష్టమైన విజయం ఉండబోదు.

అయినప్పటికీ సైన్యం ఆ రైఫిల్‌ను స్వీకరించలేదు. అంత సన్నని గొట్టం యుద్ధానికి పనికిరాదని అధికారుల సంఘం అభిప్రాయపడింది. తుపాకిమందు కాలిన మసి పేరుకొన్నప్పుడు గొట్టంలో గుండు దించడం కష్టమైంది. ఖరీదు కూడా ఎక్కువ. ఈ అభ్యంతరాలన్నీ నిరాధారమైనవి కావు. శుభ్రం చేసుకొనే తీరిక ఉన్న గురికానికి చిన్న ఇబ్బందిగా తోచేది, బురదలో పోరాడే సైనికునికి ప్రాణాంతకం కావచ్చు. విట్వర్త్ మాత్రం ఈ నిర్ణయంతో రాజీపడలేకపోయాడు. తన పని మీద ఎంత నమ్మకమో, ఎదుటివారి వాదన మీద అంత అసహనం ఉండడం అతని స్వభావంలోని లోపం. అయితే సన్నని గొట్టం విషయంలో కాలం అతని వైపే తీర్పు చెప్పింది. 1871లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన మార్టిని-హెన్రీ రైఫిల్ గొట్టం వ్యాసం 0.45 అంగుళమే.

సైన్యం కాదన్న గొట్టాన్ని పోటీ గురికాండ్రు ఆదరించారు. 1860 జూలై 2న వింబుల్డన్ మైదానంలో జాతీయ రైఫిల్ సంఘం తొలి పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించింది. పీఠం మీద బిగించిన విట్వర్త్ రైఫిల్ మీటకు పట్టుతాడు కట్టి ఆమె చేతికిచ్చారు. ఆమె తాడు లాగగా, 400 గజాల దూరంలోని గురిపలక నడిబొడ్డుకు సుమారు అంగుళంపావు ఎడంలో గుండు తగిలింది. ఆ ఏడు రాణి పేరిట బహుమతికి చివరి దశ పోటీ 800, 900, 1000 గజాల దూరాలలో విట్వర్త్ రైఫిళ్లతోనే జరిగింది. ఎడ్వర్డ్ రాస్ అనే యువకుడు ఆ బహుమతిని గెలుచుకొన్నాడు. ఆ తరువాతి సంవత్సరాలలో గొట్టాల తయారీదారులు తమ తమ రైఫిళ్లను తెచ్చి ఒకే పరీక్షకు నిలిపే ఆచారం బలపడింది. తయారీదారుని పేరు కంటె గురిపలక మీది రంధ్రాలకు విలువ పెరిగింది.

ఇంతటి గురికి ఒక విషాద పార్శ్వం కూడా ఉన్నది. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది రాష్ట్రాల సైన్యం కొద్ది సంఖ్యలో విట్వర్త్ రైఫిళ్లను తెప్పించుకొన్నది. 1864 మే 9న ఉత్తరాది సేనాని జాన్ సెడ్జ్‌విక్ దూరం నుండి వచ్చిన గుండుకు బలి అయ్యాడు. అది విట్వర్త్ రైఫిల్ నుండి వచ్చినదేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. కొలతకు పక్షపాతం లేదు. దయ కూడా లేదు. దానిని ఏ పనికి వినియోగించాలో నిర్ణయించుకొనే బాధ్యత మనిషిదే.

కొలతకు పక్షపాతం లేదన్న మాట విట్వర్త్‌కు కూడా వర్తించింది. అతనిని పోటీ మైదానంలో ఓడించినవాడు విలియం మెట్‌ఫర్డ్ అనే ఇంజనీరు. ఇతడు 1857లో ఈస్ట్ ఇండియన్ రైల్వే ఉద్యోగిగా మన దేశానికి వచ్చి, బీహారులోని ముంగేరులో పనిచేసి, ఆరోగ్యం చెడి మరుసటి సంవత్సరమే స్వదేశానికి మరలిపోయాడు. అక్కడ రైఫిల్ గొట్టాల పరిశోధనలో మునిగిపోయాడు. గుండును గొట్టం ఆకారంలో ముందుగానే మలచనక్కరలేదని అతడు గ్రహించాడు. గట్టిపరచిన సీసపు గుండు మందు పేలుడుకు తానే కొంచెం ఉబ్బి గాడులలోకి ఒదుగుతుంది. అటువంటప్పుడు లోతైన గాడులతో, పలకలతో పనిలేదు. అతి తక్కువ లోతుగల గాడులు చాలు. వాటిలో మసి తక్కువగా పేరుకొంటుంది. శుభ్రం చేయడమూ సులభం. 1865లో ఈ పద్ధతిలో తొలి పోటీ రైఫిల్ తయారైంది. బ్రిస్టల్ నగరంలోని జార్జి గిబ్స్ సంస్థ మెట్‌ఫర్డ్ పద్ధతి గొట్టాలను తయారుచేసింది. సర్ హెన్రీ హాల్‌ఫర్డ్ వంటి ప్రసిద్ధ గురికాండ్రు వాటిని ఎంచుకొన్నారు. 1870ల నాటికి దూరపు పోటీలలో మెట్‌ఫర్డ్‌దే పైచేయి. విట్వర్త్ ఏ గురిపలకను సాక్షిగా నిలిపి ఎన్‌ఫీల్డ్‌ను ఓడించాడో, ఆ గురిపలకే అతని ఓటమికీ సాక్షి అయింది.

మెట్‌ఫర్డ్ విజయం కూడా శాశ్వతం కాలేదు. 1888లో బ్రిటిష్ సైన్యం అతని గాడులు గల లీ-మెట్‌ఫర్డ్ రైఫిల్‌ను స్వీకరించింది. ఇంతలో కార్డైట్ అనే కొత్త మందు వచ్చింది. దాని వేడికి ఆ తక్కువ లోతు గాడులు త్వరగా అరిగిపోయాయి. 1895లో మరింత లోతైన గాడులతో లీ-ఎన్‌ఫీల్డ్ వచ్చింది. నల్లమందుకు వరమైన గాడి కార్డైట్‌కు లోపమైంది. ఏ గొట్టమూ అన్ని కాలాలకు, అన్ని పనులకు ఉత్తమమైనది కాదు. మందు, గుండు, దూరం, అవసరం మారినప్పుడల్లా గొట్టాన్ని మళ్లీ పరీక్షించవలసిందే.

విట్వర్త్ దృష్టి ఈలోగా గొట్టం ఆకారం నుండి గొట్టం చేసే లోహం మీదికి మళ్లింది. పోత పోసిన ఉక్కులో గాలి బుడగలు చిక్కి, పైకి కనిపించని గుల్లలు ఏర్పడేవి. అటువంటి ఉక్కుతో చేసిన ఫిరంగి ఎప్పుడు పగులుతుందో తెలియదు. కరిగిన ఉక్కు గట్టిపడుతుండగానే నీటి ఒత్తిడితో పనిచేసే యంత్రంతో దానిని అదిమి, ఆ గుల్లలు లేకుండా చేసే విధానాన్ని విట్వర్త్ సాధించాడు. పేరు మోసిన తుపాకుల తయారీదారులు విట్వర్త్ ఉక్కుతో చేసిన గొట్టాలని తమ సరుకు మీద గర్వంగా చెక్కించుకొన్నారు. నిర్దుష్టమైన ఉక్కు కోసం సాగిన ఈ తపన తెలుగునేలకు కొత్తది కాదు. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కు కోసం పారశీక వర్తకులు ఆశగా వచ్చేవారు. పాశ్చాత్యులు వూట్జ్ అని పిలిచిన ఆ లోహం పేరు ఉక్కు అనే దక్షిణ దేశపు మాట నుండి పుట్టినదేనని పండితులు భావిస్తారు.

విట్వర్త్‌కు 1869లో బారొనెట్ బిరుదు లభించింది. అతనికి సంతానం లేదు. సంపాదనను విద్యకు వినియోగించాడు. 1868లో ఏటా మూడు వేల పౌండ్ల వ్యయంతో ముప్పది ఉపకార వేతనాలు నెలకొల్పాడు. పుస్తకాల చదువుతో పాటు పనిముట్టు పట్టిన అనుభవం కూడా ఉన్న యువకులకు అవి దక్కాలన్నది అతని సంకల్పం. తాను పనిశాలలో నేర్చినది పుస్తకంలోకి, పుస్తకంలోనిది పనిశాలలోకి చేరాలని అతడు కోరుకొన్నాడు. 1887 జనవరి 22న మాంటి కార్లోలో విట్వర్త్ కన్నుమూశాడు. అతని ఆస్తితో మాంచెస్టరులో చిత్రశాల, ఉద్యానవనం వెలిశాయి. అతని పేరిట ఉపకార వేతనాలు నేటికీ కొనసాగుతున్నాయి.

దూరపు గురి పోటీలలో పాల్గొనేవారు నేడు గొట్టం తయారీదారుని ఎంచుకొనేటప్పుడు అడిగే ప్రశ్నలు విట్వర్త్ నాడు వేసుకొన్నవే. ఉక్కు నిర్దుష్టంగా ఉన్నదా? లోపలి వ్యాసం మొదటి నుండి చివరి దాకా మారకుండా ఉన్నదా? గాడుల మెలిక తాము వాడే గుండు పొడవుకు తగినదేనా? ఒక గొట్టం బాగుండడం చాలదు. అదే పనిశాల నుండి వచ్చిన పదవ గొట్టం కూడా అంత బాగుంటుందా? ఈ ప్రశ్నలకు ప్రకటనలు సమాధానం చెప్పలేవు. కొలత పరికరం, గురిపలక మాత్రమే చెప్పగలవు.

విశాఖ ఉక్కు కర్మాగారంలో పోత పోసే ఉక్కుకూ, ఓడరేవులో బిగించే బోల్టుకూ ఈ ప్రశ్నలే వర్తిస్తాయి. విద్యార్థి జీవితానికీ ఇవే వర్తిస్తాయి. పేరుప్రఖ్యాతులను చూసి ఎంచుకోవడం సులభం. పరీక్షించి ఎంచుకోవడం కష్టం. ఆ కష్టాన్ని జీవితమంతా ఇష్టంగా భరించినవాడు జోసెఫ్ విట్వర్త్. మైదానంలో అతని గొట్టాన్ని మరొక గొట్టం ఓడించింది. కాని ఏది మేలైనదో తేల్చిన పద్ధతి మాత్రం అతను నిలిపినదే. గొట్టం ఓడినా ఆ పద్ధతి ఓడలేదు.